పాములేని పామన్న

బద్వేలు పట్టణమున నాలుగు రోడ్ల కూడలికి అనతిదూరముననున్న టీ అంగడి ముందరి బల్లపై, ఉదయమొక జాము సాయంకాలమొక జాము, చేతిలోని ఫోనునుండి దృష్టి మరల్పక ఆసీనుడై యుండు మహానుభావుని ఊరివారు పామన్న యందురు. ఈ బిరుదమును విన్న కొత్తవాడు ఆయన పాములవాడనియో, పాముకాటుకు మంత్రము వేయువాడనియో భ్రమించుట సహజము. కాని ఆయన యింట పాము లేదు, ఇదివరకెన్నడును లేదు. గోడమీది బల్లి చప్పుడు చేసినచో మంచమునుండి కాళ్లు దించుటకు ఆయన కొంత వ్యవధి తీసికొనును. అయినను ఆయన పుట్టించిన పాముపిల్లలకు లెక్కలేదు. అవి యన్నియు ఒక రూళ్ల నోటుపుస్తకమున, మగదానికి చతురస్రమును ఆడుదానికి వృత్తమును గుర్తులుగా, ఏడెనిమిది తరములు వర్ధిల్లియున్నవి.

ఇట్టివారు మన సీమలో ప్రతి ఊరను ఒకరుందురు. వీరు బాల్యమున పందెపుకోళ్లలో డేగకును కాకికిని గల తారతమ్యముతో విద్యారంభము చేసి, యౌవనమున పావురములను, నడివయస్సున లవ్‌బర్డ్సును దాటి, పిదప ఏ దిక్కునకు పోవుదురో ఎవరును చెప్పజాలరు. వీరు ప్రేమించునది జంతువును కాదు, దాని రంగును. రంగును సైతము కాదు, ఇంకను పుట్టని రంగును. పామన్న పోయిన దిక్కు బోవా.

బోవా మన అడవులది కాదు. మెక్సికో మొదలు అర్జెంటీనా వరకు గల సీమలలో తిరుగు విషములేని పాము. 1758లో లినేయసు పండితుడు దానికి బోవా కన్‌స్ట్రిక్టరని నామకరణము చేసినాడు. అది గ్రుడ్లు పెట్టక, నాలుగు నెలలపైబడి కడుపున మోసి పిల్లలనే కనును. ఒక్క కాన్పున ఇరువది ముప్పది కలుగుటయు కద్దు. అది ఎరను ఊపిరాడనీక చంపునని ఎవరైన నన్నచో పామన్న సహింపడు. "ఊపిరి కాదప్పా, నెత్తురు ఆడనీదు" అని, 2015లో అమెరికా పరిశోధకులు తేల్చిన సంగతిని, టీ చల్లారువరకు వివరించును.

దాని సహజవర్ణము గోధుమరంగుపై ముదురుమచ్చలు, తోకదగ్గర ఇటుకఎఱుపు. దేవుడిచ్చిన ఈ వర్ణము చాలదని తలచిన విదేశీ పెంపకందారులు తరతరముల జతకూర్పులచే నలుపు లేని ఆల్బినోను, నలుపు తగ్గిన హైపోను, ఈ రెండును కలిసిన సన్‌గ్లోను, మచ్చలు గొలుసుకట్టుగా కలిసిన మాట్లీని సాధించినారు. ఇందు ఆల్బినో లక్షణము తల్లిదండ్రులిద్దఱినుండి వచ్చిననే గాని బయటపడదు. ఒక్కరినుండియే వచ్చిన పిల్ల చూపునకు మామూలుగనే యుండి, ఆ లక్షణమును లోపల దాచుకొనును. దానిని ఆ వర్తకులు హెట్ అందురు. హెట్టులు రెండింటిని జతపఱచిన నాల్గింట నొకటి ఆల్బినో యగునన్నది, మెండెల్ సన్న్యాసి బఠానీమొక్కలపై సాధించి 1866లో ప్రకటించిన లెక్క. మిగిలిన మామూలు రంగు పిల్లలలో మూడింట రెండు హెట్టులే. అవి యేవో మాత్రము కంటికి తెలియవు. కనుక అన్నిటిని 'అరువదియాఱు శాతము హెట్' అని చెప్పి కొంత హెచ్చువెలకు అమ్ముదురు. అనుమానమునకు సహితము శాతముకట్టి సొమ్ముచేసికొను ఈ విద్య మన వడ్డీవ్యాపారులకు ఇన్నాళ్లు తోచకపోవుట ఆశ్చర్యమే.

పామన్న కీ లెక్క పట్టుబడిననాటినుండి లోకమంతయు హెట్టులమయముగ కనబడసాగెను. ఒక బారసాలలో, నల్లనివారికి పుట్టిన ఎఱ్ఱని బిడ్డను చూచి, సంతోషాతిరేకమున "మీరిద్దురూ హెట్టులప్పా!" అని తండ్రి భుజము తట్టినాడు. అదియేదో కొత్తతిట్టు కాబోలునని ఆ తండ్రి చెప్పు తీసినాడు.

ఆయన జీవితములోని పెద్దనష్టము సైతము నోటుపుస్తకముననే జరిగినది. ఆల్బినోలలో కాల్ వంశమనియు షార్ప్ వంశమనియు రెండు గలవు. చూపునకు రెండును ఒకటే, లోపము మాత్రము వేర్వేరు జన్యువులది. రెంటిని జతపఱచినచో పిల్లలన్నియు మామూలు రంగువే పుట్టును. ఈ మర్మమెఱుగక పామన్న ఐదవ తరమున ఒక కాల్ మగదానికి షార్ప్ ఆడుదానిని కట్టబెట్టి, ఇరువదినాలుగు ఆల్బినో పిల్లలను వ్రాసి, ఒక్కొక్కదానికి డాలరులలో వెలకట్టి, ఆ సొమ్ముతో మైదుకూరు రోడ్డున స్థలము కొని మేడను రెండవ అంతస్తువరకు లేపినాడు. పిదప నిజము తెలిసినది. ఆనాడాయన పిల్లలనన్నిటిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి అన్నము ముట్టలేదు. బంధువులలో ఎవరు పోయిరో యని భార్య ఫోనుమీద ఫోను చేసి విచారించినది.

పామును తెప్పించు యత్నము లేకపోలేదు. బోవాకు వెచ్చదనము కావలెను; అమెరికాలో అందుకై పెట్టెలక్రింద విద్యుత్తుతో వేడిపెట్టుదురు గాని, బద్వేలున ఆ ఖర్చును సంవత్సరములో అధికభాగము సూర్యభగవానుడే భరించును. అయితే గాలిలో తేమయు కావలెను, లేనిచో కుబుసము సరిగా ఊడదు. వేసవిలో సగిలేటి యిసుక త్రవ్వినను దొరకని ఆ వస్తువుకొఱకై కూలరొకటి కొన్నాడు. కూలరు వచ్చినది, పాము రాలేదు. దాని యెదుట ప్రస్తుతము అత్తగారు నిద్రించుచున్నది. గడ్డకట్టించిన ఎలుకలను నిల్వచేసి, కరగించి, మేపుట ఆ పెంపకపు సంప్రదాయము గనుక ఫ్రిజ్జులో పై అర ముందుగనే కేటాయింపుమని భార్యను ప్రార్థించినాడు. "ఫ్రిజ్జులో ఎలక కనపడిన దినం, దాంట్లో నిన్ను గూడా పెడతా బావా" అని ఆమె అనుమతించినది.

చట్టమును అడ్డమే. విదేశీజంతువులు గలవారు స్వచ్ఛందముగ తెలుపుడని కేంద్రప్రభుత్వము 2020లో అవకాశమిచ్చినపుడు, జంతువుల సంఖ్య సున్న యని వ్రాసియైనను ఒక దరఖాస్తు పంపుదమా యని ఆలోచించినవాడు పామన్న. తరువాత 2022లో చట్టసవరణమును, 2024లో నమోదు నియమములును వచ్చినవి. బ్యాంకాకునుండి చెన్నై విమానాశ్రయమున దిగిన వారి పెట్టెలలో రంగురంగుల కొండచిలువలు పట్టుబడినవని పత్రికలలో పడినపుడెల్ల, ఆయన ఆ ఛాయాచిత్రమును పెద్దదిచేసి చూచి, "ఇంత మామూలు రంగు కోసరమా జైలుకు పోయినాడు!" అని నిట్టూర్చును.

కుమార్తె వివాహప్రసంగమున ఈ శాస్త్రము ఇల్లు చేరినది. భార్య తన అన్నకొడుకునకే పిల్లనీయవలెనని నిశ్చయించుకొనగా, పామన్న మేనరికము కూడదనెను. దాగియున్న లోపములు దగ్గరిరక్తమున కలిసి బయటపడునని, బోవాలలో కొత్తరంగుకొఱకు బిడ్డను తండ్రికే జతచేయు పెంపకందారులు ఆ సాహసమునకు ఒక్కొక్కప్పుడు గుడ్డిపిల్లలను, గూనిపిల్లలను మూల్యముగ చెల్లింతురని, నోటుపుస్తకము తెఱచి గంటసేపు బోధించినాడు. ఆ వాదము శాస్త్రసమ్మతమని నేనును ఒప్పుకొందును. ఆమె ఓపికగ విని, "మీ నాయినా మా యమ్మా తోడబుట్టినోళ్లే గద బావా! మనదీ మేనరికమే. నీకేమయింది?" అనెను. ఏమయినదో వీథి యంతటికిని తెలిసినదే గనుక ఎవరును మాట్లాడలేదు. లగ్నపత్రిక వ్రాయునాడు ఆయన ఒక మూల కూర్చుండి, అల్లునికొక చతురస్రమును కూతునకొక వృత్తమును గీచి, మధ్య గీతను రెండుసారులు దిద్దినాడు.

ఇక మన సీమలో పామునకు వెలకట్టు పద్ధతి వేరు; ఇచట రంగు కాదు, తూకము. రెండుతలల పామని లోకము పిలుచు ఎఱ్ఱపామును దళారులు డబుల్ ఇంజన్ అందురు. దాని తోక తలవలె మొద్దుగా నుండును. ఆపదలో తోకనే తలగ ఎత్తిచూపి శత్రువును మోసగించును. ఆరునెలలొక తల, ఆరునెలలొక తల అనియు, ఇంటనున్న ధనలక్ష్మి యనియు, తూకము పెరిగిన కోట్లు పలుకుననియు వదంతి. కోట్లిచ్చినవానిని చూచినవాడు లేడు గాని, అమ్మబోయి అటవీశాఖవారికి చిక్కువారు తఱచుగ గలరు. కంపెనీ కొలువున కోరమాండలు తీరపు పాములను పరిశీలించిన పాట్రిక్ రసెల్ 1801లో ఈ పామునకు మొదట పెట్టిన పేరు బోవాయే. తన బోవాకు జ్ఞాతి తన ఊరి చేలలోనే యున్నదని పామన్న ఎఱుగును. అయినను అది ఆయన కంటికానదు, ఉన్నది గనుక. అంతరించెనని లోకము అనుకొన్న కలివికోడి 1986లో మన లంకమల ప్రాంతపు పొదలలోనే తిరిగి కనబడినదని చెప్పినను, ఆయన "దానికి ఒకటే రంగు గదప్పా" అని తేల్చివేసినాడు.

ఒక సాయంకాలము, శెనక్కాయచేనిలో దొరికిన రెండుతలల పామును గోతాములో వేసికొని ఒక రైతు, వాని వెంట ఒక దళారియు టీ అంగడికి వచ్చిరి. పామన్న బల్లపైకెక్కి, అచటినుండియే గోతాములోనికి తొంగిచూచి, "రంగు మామూలుదే. నార్మల్. దీంట్లో ఏ హెట్టూ ల్యా" అనెను.

"అన్నా, రెండున్నర కిలోలుందన్నా!" అని దళారి మొఱపెట్టినాడు.

"తూకమెందుకప్పా, కందిబ్యాళ్లా?"

గుమికూడినవారిలో చదువుకొన్నవాడొకడు, నార్మలనగా తక్కువరకమని అర్థము చెప్పినాడు. ఆ మాట అరగంటలో నాలుగు రోడ్లకును ప్రాకినది. ఫోనులో కోట్లు పలుకుచుండిన అజ్ఞాతవ్యక్తి లక్షలకు దిగి, పిదప ఫోను తీయుటయే మానినాడు. రైతు కొంతసేపు నిలిచి, "పోనీలే సామీ, చేన్లో ఎలకలన్నా తింటాది" అని గోతాము భుజాన వేసికొని పోయి, తెచ్చిన గట్టుననే దానిని విడిచిపెట్టినాడు. దళారి మాత్రము నాటినుండి పామన్నకు టీ ఇప్పించుట మానివేసినాడు.