లష్కర్ క్లాక్ టవర్ చెప్పిన మాట

నేను పుట్టింది 1860లో అని రాసినవాళ్లున్నారు. కాదు, 1896లో అన్నవాళ్లూ ఉన్నారు. నడుమ ముప్పై ఆరేళ్లు. సికింద్రాబాద్ నడిబొడ్డున 120 అడుగుల ఎత్తున నిలబడ్డ క్లాక్ టవర్‌ని నేను. తగవు నా గురించే కాబట్టి నా వైపు మాట కూడా వినండి.

ముందు 1860 సంగతి. నిజాం సికిందర్ జా పేరు మీద 1806లో ఈ ఊరికి పేరు పడింది. ఇంగ్లీషువాళ్ల పటాలాలు ఇక్కడే మకాం వేశాయి, అందుకే జనం నోట ఇది లష్కర్. ఆ దండులోని అధికారుల సేవలకు గుర్తుగా 1860లో 10 ఎకరాల జాగా కేటాయించారు. నా కథ చెప్పేవాళ్లంతా అక్కడి నుంచే ఎత్తుకుంటారు. జాగా ఇచ్చిన ఏడునే గోడలు లేచిన ఏడుగా కలిపి చదువుకోవడం వల్లే ఆ వయసు నాకు అంటుకుందని నా నమ్మకం.

నా జ్ఞాపకాలు ఆ లెక్కకు ఒప్పుకోవు. సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది 1874లో. స్టేషన్ నాకు దగ్గరే. 1860లోనే పుట్టి ఉంటే పద్నాలుగో ఏట ఆ తొలి కూత వినాలి, ఇంజన్ చుట్టూ మూగిన జనాన్ని పైనుంచి చూడాలి. అదేదీ నేనెరుగను. నేను కళ్లు తెరిచేసరికే రైలు ఊరికి పాతబడింది. బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన 1897 ఆగస్టు నాటికి మాత్రం నేనున్నాను, ఆరు నెలలు దాటిన పసిదాన్ని.

గోడలు లేచింది 1896లో. 1897 ఫిబ్రవరి 1న బ్రిటిష్ రెసిడెంటు సర్ ట్రెవర్ ప్లౌడెన్ ప్రారంభించాడు. గడియారం మాత్రం సర్కారు సొమ్ము కాదు, దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్ ఇచ్చిన కానుక. ఆ గడియారమే లేకపోతే నేను వట్టి బురుజును. ఆ కాలపు టవర్ గడియారాలు బరువులతో నడిచేవి. వేలాడే బరువు మెల్లగా కిందికి దిగుతుంటే పళ్ల చక్రాలు తిరిగేవి. లోలకం వాటి వేగాన్ని పట్టి ఉంచేది. బరువు అడుగుకు చేరేలోగా మనిషి మెట్లెక్కి వచ్చి కీ ఇవ్వాలి. అతను రాకపోతే ఊరి టైం ఆగినట్టే.

టైం అన్నాను గానీ, ఆ రోజుల్లో దేశానికంతటికీ ఒకే టైం లేదు. రైళ్లు మద్రాసు టైం పాటించేవి. ఇక్కడి ఎండ ఆ లెక్క వినదు కదా! మనం మద్రాసుకు పడమర ఉన్నాం, అందుకే మన మిట్టమధ్యాహ్నం అక్కడికంటే సుమారు 7 నిమిషాలు వెనక. 1906 జనవరి 1న దేశ ప్రామాణిక కాలం వచ్చింది. అది మద్రాసు టైం కంటే 9 నిమిషాలు ముందుంటుంది. ఈనాటికీ గడియారంలో 12 అయ్యాక సగటున 16 నిమిషాలకు గానీ లష్కర్‌లో సూర్యుడు నడినెత్తికి రాడు. నీడను బట్టి పొద్దు లెక్కగట్టుకునే మనిషికి, రైలు అందుకోవాల్సిన మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

అందుకే పుట్టిన ఏడు విషయంలో నా ఓటు 1860కీ కాదు, 1896కీ కాదు, 1897కు. ప్రారంభించిన దొర కోసం కాదు. జేబులో గడియారం లేని హమాలీ, మోండా మార్కెట్‌లో కూరగాయలమ్మే అమ్మ, పటాలం అధికారి తలెత్తి ఒకే ముల్లును చూసే వీలు ఆ ఏడాదే కలిగింది. నేను ఊరి మనిషినయ్యింది అప్పుడే.

ఆ తర్వాత చాలా చూశాను. 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలిచ్చిన పిల్లల స్తూపం నా పార్కులోనే ఉంది. ఎంత వయసొచ్చినా ఆ పిల్లల్ని తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది. 2003లో రోడ్డు వెడల్పు కోసం నన్ను తీసేయాలన్న ఆలోచన వచ్చింది. కట్టడం నిలవాలంటే ముందు దాని వయసు చెప్పగలగాలని ఆ రోజుల్లోనే నాకు తెలిసొచ్చింది. 2006లో మరమ్మతులు చేసి నిలబెట్టారు.

పిల్లల చెయ్యి పట్టుకుని నన్ను చూపించే అమ్మానాన్నలకు ఒక మనవి. 1860 చెప్పండి, తప్పులేదు. అది నేల వయసని మాత్రం కలిపి చెప్పండి. రాంగోపాల్‌గారి పేరు వదలకండి.