కోటి రాతప్రతులూ ఒక ణకారమూ

పాత రాతప్రతులను కాపాడతామంటూ కేంద్ర ప్రభుత్వ పథకం జ్ఞానభారతం వచ్చేసింది. ఇక మన తాళపత్రాలకు చెదల భయం లేదు. కోటికి పైగా రాతప్రతులు, 2025 బడ్జెట్లో 3.5 కోట్ల రూపాయల నుంచి 60 కోట్లకు ఎగబాకిన కేటాయింపు, ఆపైన కృత్రిమ మేధ! గంటం గీత కనబడగానే యంత్రం గడగడా చదివేస్తుందట. తాటాకు మీద పదాల మధ్య ఎడం ఉండదనీ, ఎత్వానికీ ఏత్వానికీ పాత ప్రతుల్లో తేడా చూపరనీ దానికెవరైనా చెప్పారో లేదో.

చెప్పే ఉంటారు లెండి. అచ్చుపుస్తకాలతో మన అనుభవం తక్కువదా?

అచ్చుపుస్తకాలను స్కాన్ చేసి పెట్టిన సర్కారు సైటు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది. అదీ మనం ఫోనులో కొట్టుకునే తీరులో కాదు. రామాయణంలో ణ ఉంది కదా, దానికి ఎన్, డి, ఒక అడ్డగీత, ఆ తర్వాత ఏ. ఆంధ్రలో సున్నా ఉంది కదా, దానికి ఎన్, నెత్తిన ఒక కొట్టు.

అంటే పురాణం కావాలన్నా వ్యాకరణం కావాలన్నా ముందు ఆ అడ్డగీత దాటాలి. ఆంధ్రుల చరిత్ర కావాలంటే కొట్టు ఎక్కడ పడుతుందో ఊహించాలి. ఈ అవధానం చేయలేనివాడికి పుస్తకం ఉన్నా లేనట్టే.

ఎలాగో దొరికిందా, రచయిత పేరు దగ్గర ‘నాట్ అవైలబుల్’. ముఖపత్రం మీద లావుపాటి అక్షరాల్లో అచ్చయి ఉన్నా సరే.

కొన్ని పేజీల్లో స్కాన్ చేసినవారి బొటనవేలు. అది ఏ శతాబ్దానిదో నమోదు కాలేదు.

నవ్వింది చాలు. ముఖపత్రం చదివి నాలుగు వివరాలు ఎక్కించడానికి తెలుగు చదువుకున్న మనిషిని కూర్చోబెట్టి ఉంటే ఇన్ని తప్పులు పడేవా? యంత్రం కొనడానికి ఎప్పుడూ డబ్బుంటుంది, పండితుడి దగ్గరికి వచ్చేసరికే ఖజానా ఖాళీ. సి.పి. బ్రౌన్ దొర కడపలో సొంత డబ్బుతో పండితులను పోషించి ప్రతిని ప్రతితో పోల్చి చూపించాడు. ఒక ఈస్టిండియా కంపెనీ ఉద్యోగికి తట్టిన సంగతి ఇన్నేళ్ల తర్వాత కూడా మన సర్కార్లకు తట్టదా?

కాపీహక్కుల గొడవల్లో ఆ సైటు మూతపడింది. ఆ పుస్తకాలు ఇవాళ చదువుకోగలుగుతున్నామంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించినవారి పుణ్యం. అడ్డగీతలూ కొట్లూ కూడా భద్రంగా అక్కడికి చేరాయి.

జ్ఞానభారతం పెద్దలకు ఒకటే మనవి. కోటి లెక్క తర్వాత చెబుదురుగాని. ముందు ప్రతి గ్రంథం పేరూ దాని సొంత లిపిలో రాయించండి. అసలు ప్రతి ఏ ఊళ్లో, ఏ బీరువాలో ఉందో పక్కనే రాయించండి. ఆ రాసేవారికి నెలనెలా జీతమివ్వండి.