‘ఒక తూరి చూడచ్చు’ – టీకా తాత్పర్య సహితము

మూలము

దేవర: ఆయుధ పూజ బాగుంది. సాలదు.
కాంతార: కడాకు కూచోవాల.
బలగం: ఇంట్లోవాళ్లను పిల్చకపో.
అరవింద సమేత: మాట మనదే. మళ్ల చూస్తి.
తక్కినవి: ఒక తూరి చూడచ్చు.

అవతారిక

మహాకావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మెదకు సీమలోని కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి పనిలోకి దిగాడు. ఈ వ్యాఖ్య మొదటి నియమాన్ని పూర్తిగానూ, రెండోదాన్ని వీలైనంత మేరకూ పాటిస్తుంది. మూలానికి కర్త ఎవరని అడిగితే చెప్పడానికి పేరు లేదు. ఆదోని, ఎమ్మిగనూరు, హొళగుందల నడుమ ఏ బస్సులోనైనా, ఏ టీ కొట్టు దగ్గరైనా ‘ఏమప్పా, ఎట్లుంది సిన్మా?’ అన్న ప్రశ్నకు రాగల జవాబులను ఒకచోట కూర్చితే తయారైన పాఠం ఇది. ఆ మేరకు దీన్ని అపౌరుషేయం అనుకున్నా తప్పులేదు. వేదాన్ని విధి, మంత్రం, నామధేయం, నిషేధం, అర్థవాదం అని మీమాంసకులు అయిదుగా విభజించారు. మూలంలోనూ పంక్తులు అయిదే ఉన్నాయి. ఇది యాదృచ్ఛికం కాదని వాదించాలని నాలుక దురద పెడుతుంది గాని, మల్లినాథుడు ఒప్పుకోడు. ఆ అయిదింటిలో రెండు మాత్రం మనకు తప్పనిసరిగా కావాలి. ఫలానా పని చెయ్యి అనేది విధి. ఆ పని ఎంత గొప్పదో పొగిడి, మనసును అటు మళ్లించేది అర్థవాదం. పత్రికల్లో వచ్చే పొడుగాటి సమీక్ష చాలావరకు అర్థవాదం. నాలుగు ముక్కల సినిమా అభిప్రాయం విధివాక్యం. అది కుదించుకుపోయిన విమర్శ కాదు, దాని జాతే వేరు. అది చెప్పేది సినిమా ఏమిటని కాదు, వింటున్నవాడు ఏం చెయ్యాలని. ఈ వ్యాఖ్య నిలబెట్టదలచిన సిద్ధాంతం ఇంతే.

ప్రతిపదార్థము, విశేషాలు

నిక్కమైన విధి మూడో పంక్తిలో ఉంది కనుక అక్కడినుంచి మొదలుపెడదాం. బలగం = వేణు యెల్దండి దర్శకత్వంలో 2023 మార్చి 3న విడుదలైన చిత్రం; ఇంట్లోవాళ్లను = అలిగి పలకరింపులు మానేసిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ సహా అందరినీ; పిల్చకపో = వెంటబెట్టుకుని వెళ్లు. నటీనటుల పేర్లు లేవు, సంగీతం ఊసు లేదు, కథ చెప్పలేదు. అయినా కథ మొత్తం ఆ ఆజ్ఞలోనే ఇమిడి ఉంది. ముసలి కొమురయ్య చనిపోతాడు, పిండాన్ని కాకి ముట్టదు, కాకి ముట్టకపోవడానికి కారణం ఇంట్లోవాళ్ల నడుమ చెడిన మాటల్లో ఉంటుంది. అలాంటి సినిమాను ఒంటరిగా చూసి రావడం సగం చూడడమే. ఈ సంగతి చెప్పడానికి సమీక్షకుడికి అరపేజీ పడుతుంది. మూలకర్తకు రెండు మాటలు సరిపోయాయి, ఎందుకంటే ఆయన సినిమాను వర్ణించలేదు, దాన్ని ఎలా చూడాలో చెప్పాడు. ఇది ఊహ కాదనడానికి లోకంలోనే ప్రమాణం ఉంది. ఆ చిత్రాన్ని తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ తెర కట్టి అందరూ కలిసి చూశారు. తెర కట్టమని ఏ సమీక్షా చెప్పలేదు. ‘అందర్నీ పిలుచుకపో’ అనే విధిని ఊళ్లు ఆచరించిన తీరు అది.

కాంతార = రిషబ్ శెట్టి రాసి, తీసి, నటించిన కన్నడ చిత్రం; కడాకు = చివరిదాకా; కూచోవాల = లేచిరాకుండా ఉండాలి. కన్నడంలో అది 2022 సెప్టెంబర్ 30న, తెలుగులో అక్టోబర్ 15న వచ్చింది. ఆ నడిమి పక్షం రోజులు తక్కిన తెలుగువాళ్లకు ఎదురుచూపులు కావచ్చు గాని, ఈ సీమకు సిరుగుప్ప, బళ్లారి అటువైపు పొరుగూళ్లే. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రంలో కలిసేదాకా బళ్లారి జిల్లాలోనివే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాసిన జిల్లా అది, బళ్లారి రాఘవను రంగస్థలం మీద నిలబెట్టిన జిల్లా అది. ఆ రాఘవే 1939లో ‘రైతుబిడ్డ’ సినిమాలోనూ నటించాడు. రెండు భాషల్లో వినడం, వేషగాణ్ని అతని ఆఖరి ఘట్టంతో తూచడం ఇక్కడ కొత్తగా పుట్టిన అలవాట్లు కావు. అందుకే ‘కడాకు’ అనే మాటకు అంత బరువు. మొదటి భాగంలోని హాస్యం సాగిందనిపించినా లేవవద్దని హెచ్చరిక, భూతకోల ఘట్టంలో దైవం ఒంటిమీదికి వచ్చినప్పుడు సీట్లో ఉండకపోతే సినిమా చూడనట్టేనని తీర్పు, రెండూ అందులో ఉన్నాయి. తాత్పర్యం తేల్చే గుర్తుల్లో ఫలం ఒకటని శాస్త్రం చెబుతుంది. ఇక్కడ ఫలం ఎక్కడుందో చెప్పి, అక్కడిదాకా ఓపిక పట్టమనడం కంటే వినేవాడికి చేసే ఉపకారం ఏముంటుంది?

అరవింద సమేత = త్రివిక్రమ్ దర్శకత్వంలో 2018 అక్టోబర్ 11న వచ్చిన ‘అరవింద సమేత వీర రాఘవ’; మాట మనదే = పలుకుబడి సీమది; మళ్ల చూస్తి = రెండోసారి చూశాను. ఇందులో విధి ఎక్కడుందని ఎవరైనా పట్టుకోవచ్చు. పైకి చూస్తే ఇది తన సంగతి తాను చెప్పుకోవడమే. కానీ పెద్దలు చేశారని చెప్పడమే చెయ్యమనడమయ్యే సందర్భాలు శాస్త్రంలో ఎన్నో ఉన్నాయి, దాన్ని శిష్టాచారం అంటారు. కర్త డబ్బు పెట్టి రెండుసార్లు చూశాడంటే అది సాక్ష్యం, ఆ సాక్ష్యమే ప్రేరణ. ‘మాట మనదే’ అన్నది మామూలు పొగడ్త కూడా కాదు. ‘సమరసింహారెడ్డి’ 1999లో ఆడినప్పటినుంచి ‘నరసింహనాయుడు’, ‘ఇంద్ర’, ‘ఆది’ మీదుగా సీమ అంటే సుమోలూ నాటుబాంబులే అన్నట్టు తెర నిండిపోయింది. ఆ సినిమాల్లో సీమవాళ్లు దండిగా ఉన్నారు, వాళ్ల మాట మాత్రం యాస పేరుతో అతికించిన నాలుగు ముక్కలే. పెంచల్ దాస్ పాటకు చోటిచ్చి, కత్తి దించే దారి వెతికిన ఫ్యాక్షన్ కథకు దక్కిన రెండు మాటల తీర్పు వెనక ఇరవై ఏళ్ల లెక్క ఉంది. పొట్టి వాక్యం తెలిసినవాడి నోట వస్తే వెనకటి సినిమాలన్నిటికీ కలిపి జవాబవుతుంది.

ఇక మొదటి పంక్తి. వ్యాఖ్యాతలు కొట్టుకునేది దీని దగ్గరే. దేవర = కొరటాల శివ దర్శకత్వంలో 2024 సెప్టెంబర్ 27న విడుదలైన చిత్రం; ఆయుధ పూజ = అందులో నాలుగూళ్ల వీరులు పూర్వీకుల ఆయుధాల కోసం తలపడే పండుగ; బాగుంది = తీసిన తీరు మెచ్చదగినది; సాలదు = అయినా కొరత ఉంది. కొరత దేనికని అడిగితే మూలం మౌనం వహిస్తుంది. అది అక్కడివాళ్లకు చెప్పనక్కర లేదు. ఆ ఏడు అక్టోబర్ 12న, అంటే విడుదలైన రెండు వారాలకు, దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో బన్ని ఉత్సవం జరిగింది. కొండమీద మాళ మల్లేశ్వరుడికి అర్ధరాత్రి కల్యాణం. ఆ తరవాత ఉత్సవమూర్తులను నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం కాపాడుతూ తీసుకుపోతారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ మూర్తులను దక్కించుకోవడానికి ఎగబడతారు. ఇనుప రింగులు తొడిగిన కర్రలు, గాలిలో ఊగే దివిటీలు, తగిలిన చోట అద్దుకునే పసుపు బండారు. మణి, మల్లాసురులనే రాక్షసులను దేవుడు సంహరించిన కథకు అది ఏటా జరిగే పునశ్చరణ. పోలీసులు డ్రోన్లు ఎగరేస్తారు, వైద్యశిబిరం వేస్తారు, కర్రలు వద్దని ఊరూరా చెబుతారు. అయినా ఏటా తలలు పగులుతున్నాయి. దీన్ని పొగడాల్సిన పని వ్యాఖ్యాతకు లేదు. ఇలాంటి రాత్రిని ఎరిగిన చోట తెరమీది నాలుగూళ్ల పోరు ఎట్లా తూగుతుందన్నదే ప్రశ్న.

కొందరు వ్యాఖ్యాతలు ‘సాలదు’ అంటే దెబ్బలు సాలవని అర్థం చెబుతారు. అది స్థూలార్థం. సినిమాలో పోటీ ఎందుకంటే ఎవడు గెలిచాడో తేలడానికి, గెలిచిన ఊరికి ఆయుధాలు దక్కడానికి. దేవరగట్టులో కర్ర ఎత్తేముందు నెరణికి వాళ్లు పాల మీద ప్రమాణం చేస్తారు. పాలబాస అని దానికి పేరు. మనసులో పగ పెట్టుకోబోమని, కట్టుబాటుతో ఉంటామని అందరి ముందూ ఇచ్చే మాట అది. కొట్లాటకు ముందు పగ లేదని ఒట్టు వేసుకునే ఊళ్లకు, గెలుపుతో ముగిసే కొట్లాట సగమే అనిపించడం సహజం. కాబట్టి ‘సాలదు’ అనేది రక్తం తక్కువైందనే ఫిర్యాదు కాదు, బాస లేకుండా పోరుకు దిగారనే ఆక్షేపణ అని అన్వయించడమే యుక్తం. ఇంత లోతు మూలకర్త ఉద్దేశించాడా అంటే, కాళిదాసును కూడా ఎవరూ అడగలేదు.

పూర్వపక్షము, సిద్ధాంతము

మొదటి ఆక్షేపం: ఇది ప్రాంతాభిమానం. ఊరి జాతరను కొలబద్ద చేసుకుని సినిమాను కొలవడం విమర్శ కాదు. జవాబు: కొలబద్ద లేని విమర్శకుడు లేడు. ఒకడు కురొసావాతో కొలుస్తాడు, ఒకడు వసూళ్లతో కొలుస్తాడు, ఒకడు తన చిన్నప్పటి హీరోతో కొలుస్తాడు. తేడా ఏమిటంటే, పొడుగాటి సమీక్షలో కొలబద్ద మాటల చాటున దాగి ఉంటుంది, మూలకర్తది బయటే ఉంది. ఆయన ఏ ఊరివాడో తెలిస్తే ‘సాలదు’కు ఎంత తీసివేసుకోవాలో వినేవాడే లెక్క కట్టుకుంటాడు. కనిపించే పక్షపాతం కనిపించని నిష్పాక్షికత కంటే తక్కువ మోసం చేస్తుంది.

రెండో ఆక్షేపం ఇంకా గట్టిది. కారణం చెప్పని తీర్పు తీర్పే కాదు, దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు సాగదీసుకోవచ్చు, ఈ వ్యాఖ్యే దానికి సాక్ష్యం. దీనికి జవాబు ఆ నేలమీదే ఉంది. బన్ని రాత్రి తెల్లారుతుండగా దేవరగట్టులో బసవన్న గుడి దగ్గర పూజారి కార్ణికం చెబుతాడు. వానలు, పంటలు, ధరలు, రాబోయే ఏడు ఎట్లా ఉంటుందో కొద్దిపాటి ముక్కల్లో వస్తుంది. ఎల్లకు అవతల, విజయనగర జిల్లా హూవిన హడగలి తాలూకా మైలారలో ఈ సంప్రదాయం మరీ బిగువు. ఉపవాసమున్న గొరవయ్య ఎత్తయిన విల్లు ఎక్కి, జనం సద్దుమణిగాక ఒకే ఒక వాక్యం పలుకుతాడు. ఆ వాక్యానికి వానల అర్థం రైతులూ, రాజకీయాల అర్థం నాయకులూ చెప్పుకుంటారు. చెప్పేవాడు ముక్క చెప్పాలి, విప్పుకోవడం వినేవాళ్ల వంతు అన్న పద్ధతి ఈ సీమకు సినిమాకంటే పాతది. సాగదీసుకునే వీలుండడం ఒప్పుకోవలసిందే. అయితే కార్ణికం తప్పిందని తేల్చడానికి ఏడాది పడుతుంది, తేలినా అర్థం మార్చి చెప్పుకోవచ్చు. సినిమా అభిప్రాయానికి ఆ సౌకర్యం లేదు. ‘పిల్చకపో’ అన్నవాణ్ని రాత్రి ఆట చూసొచ్చినవాడు తెల్లారి టీ కొట్టు దగ్గరే పట్టుకుంటాడు. ఇంటిల్లిపాదికీ పెట్టిన టికెట్టు డబ్బు గురించి నిలదీస్తాడు. కారణాలు చెప్పకపోయినా పూచీ పడుతున్నాడు కనుక ఆ వాక్యానికి ప్రామాణ్యం వచ్చింది. పేజీలకొద్దీ కారణాలు చెప్పే సమీక్షకుణ్ని మర్నాడు నిలదీసేవాళ్లు ఉండరు.

మూడో ఆక్షేపం: చివరి పంక్తి సంగతేమిటి? ‘ఒక తూరి చూడచ్చు’ అనేది ఏ సినిమాకైనా అతికే మాట, అంటే ఏమీ చెప్పని మాట. ఇది విధీ కాదు, నిషేధమూ కాదు. పోతే పో, నన్నడగొద్దు అనే అనుమతి. జవాబు: అనుమతి శూన్యం కాదు. పై నాలుగు పంక్తులకూ పూచీ పడ్డవాడు అయిదో దానికి పూచీ వద్దంటున్నాడు, అదే దాని అర్థం. ఉపసంహారంలో వచ్చి, పైవాటిని తక్కినవాటినుంచి విడదీయడం దాని పని. అన్ని సినిమాలకూ అదొక్కటే అనేవాడి దగ్గర ఆ మాట నిజంగానే ఖాళీ. ఆ దోషం చెప్పేవాడిది గాని వాక్యానిది కాదు.

ఇక ఒక్క చోట పూర్వపక్షానికి తలొగ్గాలి. ఇదే రెండు ముక్కలు ఇంటర్వెల్‌లోనే ఫోనులోకి ఎక్కి, ఊరూ పేరూ తెలియనివాళ్ల దగ్గరికి చేరితే, చెప్పినవాణ్ని మర్నాడు పట్టుకునే వీలు పోతుంది. అప్పుడు మిగిలేది పూచీ లేని ఆజ్ఞ. అభిమాని రాసినా, అవతలి హీరో అభిమాని రాసినా, డబ్బు తీసుకున్నవాడు రాసినా అక్షరాలు ఒకటే. చిన్న సినిమాను మొదటి ఆటకే చంపగలిగే పొట్టి మాటలు అవి. పొట్టిదనాన్ని సమర్థించే ఈ వ్యాఖ్య వాటిని సమర్థించదు. నిడివి రెండింటికీ ఒకటే అయినా మొదటిదానికి ఉన్న ఆధారం రెండోదానికి లేదు.

తాత్పర్యము

సినిమా అభిప్రాయానికి ప్రామాణ్యం దాని పొడవునుంచి రాదు, కారణాల జాబితానుంచీ రాదు. చెప్పినవాడు ఎవరు, ఎవరికి చెప్పాడు, తప్పయితే ఎవరి ముందు నిలబడాలి అన్న మూడింటినుంచి వస్తుంది. కనుక ‘ఎట్లుంది?’ అని అడగబోయేవారు ముందు రేపు కనబడేవాణ్ని చూసుకుని అడగాలి. ‘బాగుంది’ అని చెప్పబోయేవారు వినేవాడి జేబునూ, ఇంటినీ, ఓపికనూ తలచుకుని చెప్పాలి. 2025 దసరా ఈ రెంటికీ పరీక్ష పెట్టింది. అక్టోబర్ 2న ‘కాంతార చాప్టర్ 1’ విడుదలైంది, ఆ రాత్రే దేవరగట్టులో బన్ని. రెంటిలో దేనికి పోవాలని అడిగినవాడికి, ఈ శాస్త్రం ప్రకారం, సినిమాకు ‘ఒక తూరి’ అనే వెసులుబాటు ఉందనీ, బన్నికి ఆ వెసులుబాటు లేదనీ, తల మాత్రం రెండో తూరి దొరకదనీ చెప్పడమే ఉత్తమ విధి.