బఠాణీ గింజంత

వేడిని దాటించడంలో నాదేమంత గొప్ప చెయ్యి కాదు. ఈ మాట నా గొట్టం మీద ఎవరూ అచ్చు వెయ్యరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను. ఉష్ణవాహకతను మీటరు-కెల్విన్‌కు ఇన్ని వాట్లని కొలుస్తారు. ఆ కొలతలో రాగిది 400కు దగ్గర, అల్యూమినియంది 237. నా గొట్టం మీద 8 అని ఉంది. అదీ కంపెనీవాళ్లు ఉదారంగా వేసుకున్న అంకె. రాగిలో యాభయ్యో వంతు చేసే నన్ను, థర్మల్ పేస్టుని, తెచ్చి రెండు లోహాల మధ్య కూర్చోబెట్టడమేమిటని మీకు అనుమానం రావాలి.

అదంతా గాలి పుణ్యం. ప్రాసెసర్ మీద ఉండే లోహపు మూతా, దానిపై కూర్చునే హీట్ సింక్ అడుగూ చేత్తో తడిమితే నున్నగానే ఉంటాయి. మైక్రాన్ల లెక్కలో చూస్తే మాత్రం రెండూ గట్లూ గోతులే. ఒకదాన్నొకటి తగిలేవి గట్లు మాత్రమే. గోతుల్లో గాలి ఉండిపోతుంది. గాలి వాహకత 0.026. దానితో పోలిస్తే నేను మూడొందల రెట్లు నయం.

ఒక లెక్క వేసి చూడండి. పది చదరపు సెంటీమీటర్ల మేర, 50 మైక్రాన్ల మందాన నన్ను పరిచారనుకుందాం. నాలోంచి 65 వాట్ల వేడి సమానంగా దాటిందనుకుందాం. అటూ ఇటూ వేడిలో తేడా అర డిగ్రీకి కూడా రాదు. అదే చోట అంతే మందాన గాలి ఉంటే తేడా నూట పాతిక డిగ్రీలు. నిజానికి లోహాలు అక్కడక్కడా తగులుకుంటాయి కాబట్టి అంత దూరం పోదు. కానీ నాకు ఉద్యోగం ఎందుకు దొరికిందో దీన్నిబట్టి తెలుస్తుంది. నేను పోటీపడేది రాగితో కాదు, గాలితో.

పుట్టుక సంగతికొస్తే, నాది సిలికాన్ నూనె, అందులో కలిపిన మెత్తటి పొడులు. ముఖ్యంగా జింక్ ఆక్సైడూ అల్యూమినియం ఆక్సైడూ. చెమటకాయలకు పూసే కాలమైన్ లోషన్‌లో ఉండేదీ ఆ జింక్ ఆక్సైడే. పొడిలో పెద్ద రేణువులూ చిన్న రేణువులూ కలగలిపి వేస్తారు, పెద్దవాటి సందుల్లో చిన్నవి ఇరుక్కోవాలని. వేడి నడిచేది ఆ రేణువుల మీదుగానే. నూనె పని వాటిని పట్టి ఉంచి, గోతుల్లోకి జారనివ్వడం. కొన్ని రకాల్లో వెండి పొడి కూడా వేస్తారు. నాకా వైభవం లేదు.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, గ్రాఫిక్స్ కార్డుల వెలుగు పడని ఒక మూల అద్దాల అరలో ఉండేదాన్ని. హనుమకొండ నుంచి వచ్చిన ఇంజినీరింగ్ అమ్మాయి నన్ను కొన్నది. నిజానికి ఆమె అడిగింది నన్ను కాదు, లిక్విడ్ మెటల్‌ని. సంచిలో ఎవరో వాడి అమ్మిన రైజెన్ 5 3600 ప్రాసెసరూ, దానితోపాటు కంపెనీ ఇచ్చే రేత్ స్టెల్త్ కూలరూ, అంటే ఫ్యాను బిగించిన హీట్ సింకూ, ఉన్నాయి. షాపతను కూలర్‌ని తిరగేసి అడుగు చూశాడు.

"అల్యూమినియం కూలర్‌కు లిక్విడ్ మెటల్ పెడ్తవా చెల్లె? నెల తిరగకముందే మల్ల కొత్త కూలర్ కొననీకి నా దగ్గరికే వస్తవ్."

అతను చెప్పింది నిజం. లిక్విడ్ మెటల్ అంటే గాలియం కలిసిన మిశ్రమం. వాహకతలో నన్ను చాలా వెనక్కి నెట్టేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ గాలియం అల్యూమినియం లోపలికి దిగి దాన్ని పెళుసు చేసేస్తుంది. పైగా దానిలో కరెంటు పారుతుంది, చుక్క పక్కకు జారితే బోర్డు పోతుంది. నాలో కరెంటు పారదు. నాకున్న సుగుణాల్లో ఇది పెద్దదని నా అభిప్రాయం, మందకొడితనం కూడా పనికొచ్చే చోటు ఒకటుందన్నమాట.

హనుమకొండలో అమ్మాయి వాళ్ల కాక ఎదురుచూస్తున్నాడు. టీవీలూ యాంప్లిఫయర్లూ బాగుచేసే మనిషి. నన్ను చూడగానే గుర్తుపట్టాడు, నన్నంటే మా తెల్ల అక్కని. 2ఎన్3055 ట్రాన్సిస్టర్‌ను హీట్ సింక్‌కు బిగించేటప్పుడు మధ్యన పల్చటి మైకా పలక పెట్టి, దానికి రెండు వైపులా తెల్ల పేస్టు పూస్తారు. ట్రాన్సిస్టర్ ఒంటికే కరెంటు ఉంటుంది, అది సింక్‌లోకి పోకుండా మైకా ఆపుతుంది. మైకాకు అటూ ఇటూ మిగిలే గాలిని పేస్టు తరుముతుంది. గూడూరు గనుల్లో తవ్వే ఆ మైకాయే. కంప్యూటర్లు కట్టేవాళ్లు నన్ను తామే కనిపెట్టినట్టు మాట్లాడతారు గానీ, మా వాళ్లు అంతకు చాలా ముందు నుంచే రేడియో షాపుల్లో ఉన్నారు.

ముందు పాత పేస్టు తుడవాలి. కూలర్ అడుగున బూడిదరంగు చెక్కు కట్టి ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి నానబెట్టారు. అమ్మాయి దూది తీసింది. "దూది వద్దు బిడ్డా, పోగులు ఇడుస్తది," అని కాక పాత బనియను ముక్క ఇచ్చాడు.

ఆ తర్వాత గొడవ నా గురించే.

"ఎక్స్ గీస్త కాకా. వీడియోలల్ల గట్లనే చేస్తున్రు."

"ఎక్స్ ఎందుకు? నడిమిట్ల బఠాణీ గింజంత పెట్టు. కూలరే ఒత్తుకుంటది."

చుక్కా, గీతా, ఎక్స్ గుర్తా, కార్డుతో గీకి పరచడమా అని జనం తెగ కొట్టుకుంటారు. వాటి మధ్య తేడా మహా అయితే ఒకటి రెండు డిగ్రీలు. ఎక్కువైతే అంచుల్లోంచి బయటికొస్తాను, తుడుచుకోవాలి, అంతే. తక్కువైతేనే నష్టం, ఎందుకంటే ఖాళీ మిగిలిన చోట మళ్లీ ఆ గాలే. ఈ ప్రాసెసర్‌లో కోర్లున్న చిప్ మూత కింద సరిగ్గా నడుమన ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. అందుకని గింజ కాస్త బొద్దుగా ఉంటేనే మేలు. అమ్మాయి చెయ్యి వణికి బొద్దుగానే పడ్డాను.

ఈ కూలర్ బిగించాలంటే బోర్డు మీది ప్లాస్టిక్ పట్టీలు ముందే విప్పాలి. విప్పగానే వెనకనున్న లోహపు పలక ఊడి పడుతుంది. కాక దాన్ని వెనక నుంచి చేత్తో అదిమి పట్టుకున్నాడు. ఆమె స్క్రూలను ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం తిప్పుతూ బిగించింది. ఒకే మూల చివరిదాకా బిగిస్తే అటే ఒరిగి, నేను ఒక వైపు పల్చగా, మరో వైపు మందంగా ఉండిపోతాను. ఇక ఆ ఒత్తిడికి గోతి గోతిలోకీ దూరాను. లోపలున్న గాలి అంచుల దాకా జరిగి బయటికి పోయింది.

మే నెల, గదిలో 38 డిగ్రీలు. పని భారం పెట్టి చూస్తే ప్రాసెసర్ ఎనభై దాటింది. అమ్మాయి మొహం చిన్నబోయింది, నన్ను తక్కువ పెట్టానేమోనని. అది నా లోపం కాదు. గది ఎంత వేడెక్కితే ప్రాసెసరూ దాదాపు అంత వేడెక్కుతుంది, నేను చలిని పుట్టించలేను కదా. ఈ ప్రాసెసర్‌కు హద్దు 95. అది దాటబోతే తనే వేగం తగ్గించుకుంటుంది, మరీ మించితే ఆగిపోతుంది. నేను లేకపోతే అది భగ్గున కాలిపోతుందని చెప్పేవాళ్లు నాకు లేని గొప్ప అంటగడుతున్నారు.

ఏళ్లు గడిస్తే ఏమవుతానో కూడా తెలుసు. వేడికి లోహాలు సాగుతాయి, చల్లారితే ముడుచుకుంటాయి. ఆ కదలికకు కొద్దికొద్దిగా అంచులకు నెట్టుకుపోతాను, నూనె తగ్గి బిరుసెక్కుతాను. అప్పుడు కూలర్‌ని విప్పేవాళ్లకు ఒక్క మనవి. ఈ ఏఎం4 సాకెట్ ప్రాసెసర్‌కు 1331 పిన్నులుంటాయి. సూటిగా పైకి గుంజితే నాతో అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు కంప్యూటర్ నడిపి నన్ను వేడెక్కించండి, ఆపేసి ప్లగ్గు తీశాక కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

గొట్టంలో సగానికి పైగా మిగిలే ఉన్నాను. కాక మూత బిగించి నన్ను జేబులో వేసుకున్నాడు. పెళ్లిళ్ల రోజులు, బ్యాండువాళ్ల యాంప్లిఫయర్ ఒకటి షాపులో విప్పి పడుందట. "పేస్టు దొరికింది గానీ, మైకా ఏడ పెట్టిన్నో," అంటూ సొరుగులన్నీ లాగుతున్నాడు.