నలుగురు మోసిన సెలవులు

మా తిరుత్తణి కొండకు 365 మెట్లు గలవు. సంవత్సరమునకు దినములెన్నియో మెట్లును అన్నియే యని పెద్దలు చెప్పుదురు. ఏటేట డిసెంబరు 31వ తేదీన భక్తులు మెట్టుమెట్టునకును పూజ చేసి, పాటలు పాడుచు పైకెక్కుదురు. లీపు సంవత్సరమున మిగిలిపోవు ఆ ఒక్క దినమునకు గతియేమని మాత్రము ఎవరును అడుగరు. చక్రాల కుర్చీలో కూర్చుండి లోకమును నడుమెత్తునుండి చూచుచున్న నావంటివానికై ఆ దినమును విడిచిపెట్టిరని నా నమ్మకము. చిత్తూరు జిల్లాలో నుండిన ఈ కొండ, 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టము ననుసరించి, 1960 ఏప్రిల్ 1వ తేదీన తన మెట్లతోను, తన నెమలితోను, తెలుగు మాటలాడు మా యిండ్లతోను సహా ఆంధ్రప్రదేశమును వీడి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఒక్క శాసనముతో కొండను రాష్ట్రము దాటించిన ప్రభువులకు, ఒక గుమ్మము ముందర ఒక వాలుపలకను వేయించుట ఇన్ని దశాబ్దములుగా ఏల సాధ్యపడలేదో నాకు తెలియదు. కొండలు తేలికయై పలకలు బరువైన కాలమిది కాబోలు.

నా భార్యకు చెన్నపట్టణమున ఉద్యోగము. నాకు ఈ యూరి బడిలో తెలుగు చెప్పు పని. ఎనిమిదేండ్లుగా ప్రతి శనివారము సాయంకాలమును లోకల్ బండిలో ఆమె వచ్చును; ఆదివారమంతయు నాకు వారమునకు సరిపడు పొడులును పచ్చళ్లును సీసాల కెత్తి, సోమవారము తెల్లవారకమునుపే పోవును. ఈ కొండదేవర వల్లిని చూచుటకు తానే వేటకానివలెను ముసలివానివలెను వేషములు మార్చుకొని ఆమె కాపున్న కొఱ్ఱచేనికి పోయెనే గాని, వారమువారమును తన కొండకు వచ్చి పొమ్మని ఆమెకు కబురంపలేదు. ఈ ధర్మసూక్ష్మము నాకు స్ఫురించుటకు ఎనిమిదేండ్లు పట్టినది. కావున త్రైమాసిక పరీక్షల సెలవులలో ఈసారి నేనే పోయి, పది దినములు ఆమెకు అతిథిగా నుందునని ఫోనులో ప్రకటించితిని. అవతల కొంతసేపు మాట లేదు. పిమ్మట, “ఏమండీ, ఇక్కడ వాకిట్లో రెండు మెట్లున్నాయి,” అన్నది. విరహిణియైన నాయిక పలుకదగిన పలుకులను మన కవులు వేలకొలది వ్రాసిరి గాని, ఈ పలుకు వారిలో ఒక్కరికిని తట్టలేదు.

రెండు మెట్లనగా ఒక అడుగెత్తు. అంగుళమెత్తునకు పన్నెండంగుళముల వాలుండవలెనని ఇంజనీర్ల లెక్క. కనుక నాకు కావలసినది పన్నెండడుగుల పలక. తీరికవాడనగుటచే మా కొండకును లెక్క కట్టి చూచితిని. మెట్టు ఆరంగుళములే యనుకొన్నను 365 మెట్లకు 2190 అడుగుల వాలు కావలసి వచ్చినది. అంతటిది అడిగి స్వామిని కష్టపెట్టువాడను గాను; పైగా కార్లు పోవు బాట యొకటి కొండమీదికి ఉండనే యున్నది, ఎప్పుడైన ఎవరి కారులోనైన పోయి పలుకరించి వచ్చుచునే యున్నాను. ఆ 2190లో పన్నెండు చాలునన్నవానిని దురాశాపరుడని ఎవరందురు?

ఈ యూరిలో 1888 సెప్టెంబరు 5వ తేదీన జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు ఒక్కొక్క మెట్టే ఎక్కి 1962లో రాష్ట్రపతి పీఠమునకు చేరెను. నేను లోకల్ బండి నెక్కుటకు పోయితిని. ఏ స్టేషనులోనో చెప్పను. ఒక్కదాని పేరు చెప్పినచో మిగిలినవి తమకు దక్కవలసిన కీర్తి దక్కలేదని నొచ్చుకొనును. ప్లాట్‌ఫారమునకును పెట్టెకును నడుమ జానెడు సందు, దానిపై మూరెడు ఎత్తు. బండి ఆగునది ఒక్క నిమిషము. ఆ నిమిషములో నలుగురు అపరిచితులు ఎక్కడనుండియో ఊడిపడి, “అయ్యో పావం, పిడి అన్నా, ఒణ్ణు, రెండు, మూణు,” అని నన్ను కుర్చీతో గూడ గాలిలోనికి లేపి పెట్టెలో పడవైచిరి. మన జనుల దయకు లోటున్నదన్నవాడు పాపాత్ముడు. నన్నెత్తుటకు ఎప్పుడును నలుగురు సిద్ధము; పలక వేయుటకే ఒక్కడును లేడు. అయితే నలుగురు మోయుట యనునది మన సంప్రదాయమున రెండు సందర్భములకే విధింపబడినది: ఒకటి ఉత్సవమూర్తికి, రెండవది శవమునకు. ఈ రెంటికిని నడిమి కోవలో, మ్రొక్కించుకొనుటకు తగక, కాలుటకు సమయము రాక, ఊరేగుచున్నవాడను బహుశః నేనొక్కడనే.

చక్రాల కుర్చీ బొమ్మ వేసిన ప్రత్యేకపు పెట్టె యది. అందు నాకు ముందుగా ఎక్కియున్నవారు పదునెనమండుగురు. అందరికిని రెండు కాళ్లును నిక్షేపముగా నున్నవి. వారి వైకల్యము కేవలము నిద్ర. ఒకడు మాత్రము నన్ను చూచి కన్ను తెరచి, కాళ్లు ముడుచుకొని, ఎంతో త్యాగము చేసినవానివలె తిరిగి కన్ను మూసెను.

తిరువళ్లూరులో నొక దినము ఆగితిని. అక్కడ మా మేనత్త యున్నది. అది మహాలయ అమావాస్య. వీరరాఘవస్వామి సన్నిధికి అమావాస్యనాడు లోకమంతయు కదలి వచ్చును. గుడి ప్రక్కని హృత్తాపనాశిని కొలనులో బెల్లము వేసినచో అది కరగునట్లే రోగములును కరగునని నమ్మకము. కొండకు మెట్లు పైకి, కొలనునకు మెట్లు క్రిందికి; నా కొరకు మా మేనత్తయే దిగి, “ఒరే నాయనా, నీ బెల్లం కూడా నేనే వేసేశాను,” అని తడిచీరతో పైకి వచ్చినది. వెంటనే నా కాళ్లవంక చూచినది. బెల్లమునకు కొంత వ్యవధి ఈయవలెను గదా అంటిని.

ఈ క్షేత్రమునకు తిరువళ్లూరను పేరు వచ్చిన కథ నా కెంతయు ప్రియము. శాలిహోత్రుడను ముని యొకడు దీర్ఘోపవాసము చేసి, పారణకై యుంచుకొన్న అన్నమును వచ్చిన ముసలి బ్రాహ్మణునకు పెట్టెనట. తిన్న ముసలివాడు, అలసితిని, పరుండుటకు చోటేదియను నర్థమున “ఎవ్వుళ్?” అని అడిగెనట. ముని తన పర్ణశాలనే చూపెను. వచ్చినవాడు శ్రీమన్నారాయణుడు, అక్కడ పరుండినవాడు నేటికిని లేవలేదు, ఆ ప్రశ్నయే ఊరికి పేరై తిరు ఎవ్వుళ్ అయినది. ఇందు నేను గమనించునదేమనగా, ముని ఆ ముసలివానిని ముందుగా ఫోను చేసి రావలసినదనలేదు. వైకల్యము నూటికెంతయో ధ్రువపత్రము చూపుమనలేదు. ప్రక్క ఊరిలో వసతులు బాగుండునని సలహా చెప్పలేదు. చోటడిగినవానికి చోటు చూపెను. ఇక స్వామియో, యుగములుగా శయనించియే యున్నాడు. ఒక్కసారి లేచి నిలువబడుము, ప్రయత్నించినచో సాధ్యమగును అని ఆయనకు ధైర్యము చెప్పిన భక్తుడు లేడు. నాకు మాత్రము దినమునకొకడు చెప్పును.

మరియొకటి. మనవారికి చక్రముల సంగతి తెలియదనువారిని ఏదేని యొక గుడి తేరు కదలునప్పుడు తీసికొనిపోయి చూపవలెను. ఇంటి యెత్తున్న కొయ్య తేరు వీథిలోనికి వచ్చుచున్నదనగా ముందు వారమే గుంటలు పూడ్చెదరు. అరుగులు ముందుకు చొచ్చిన అంగళ్లవారు తామే వెనుకకు తీసికొందురు. విద్యుచ్ఛక్తిశాఖవారు తీగెలు విప్పెదరు. మలుపుమలుపునను చక్రము క్రిందికి కొయ్యదిమ్మె లందించు నేర్పరులు ప్రాణములకు తెగించి పరుగెత్తుదురు. సంవత్సరమున కొక్కసారి, ఒక్క తేరునకు, చక్రము పోవలసిన చోటికెల్ల చక్రమును పోనిచ్చు విద్య మన కింత సమగ్రముగా తెలియును. తక్కిన దినములలో ఆ విద్యను తేరుతోపాటు రేకుల కొట్టములో మూసి తాళము వేయుదురు.

తిరువళ్లూరునుండి పట్టణము ఇంచుమించు నలుబది కిలోమీటర్లు. నన్ను గురించి నేను ఆలోచించుకొనుటకు చాలిన దూరము. చిన్నతనమున నేను అవిటివాడను. బడిలో చేరినప్పుడు వికలాంగుడనైతిని. తమిళనాడు ప్రభుత్వము నన్ను మాట్రుత్తిఱనాళిని చేసినది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియోలో మాటలాడుచు దివ్యాంగుడనుట మేలనగా ఆ పేరును దాల్చితిని. పేరు మారినప్పుడెల్ల కుర్చీలో కొంత నిటారుగా కూర్చుంటిని. మెట్టు మాత్రము మొదటినుండియు మెట్టు అను పేరుతోనే, ఏ బిరుదమును ఆశింపక, తన చోటనే నిలిచియున్నది.

చట్టములకును కొదువ లేదు. 1995లో నొకటి, 2016లో దానికంటె పెద్దది. ఈ రెండవది, ప్రజలు వచ్చిపోవు పాత కట్టడములన్నిటిని నియమములు వెలువడిన ఐదేండ్లలో మావంటివారికి అనువుగా మార్చవలెనని శాసించినది. నియమములు 2017 జూనులో వెలువడినవి. ఐదేండ్లును గడచినవి, వానిని గడపుటలో ఎవరును అలసత్వము చూపలేదు. పిమ్మట 2024 నవంబరు 8వ తేదీన సుప్రీముకోర్టు ఆ నియమములలో పదునైదవదాని మొదటి ఉపనియమమును చట్టవిరుద్ధమని కొట్టివేసి, తప్పనిసరిగా పాటింపదగిన నియమములను మూడు నెలలలో రచింపుడని ఆజ్ఞాపించినది. తెలుగు పండితుడనగుటచే ఈ తీర్పు నాకు వ్యాకరణ గ్రంథమువలె రుచించినది. వివాదమంతయు క్రియారూపమును గూర్చినదే: చట్టము ‘చేయవలెను’ అన్నది, దాని చాటున పుట్టిన నియమములు ‘చేసిన బాగుండును’ అన్నవి. విధ్యర్థమును ఆశీరర్థముగా మార్చిన పిల్లవానికి మా బడిలో సున్న వేయుదుము. సచివాలయమున ఏమి వేయుదురో!

పట్టణమును గూర్చి అన్యాయముగా వ్రాయరాదు. మెట్రో రైలులో నేను దొరవలె తిరిగితిని; లిఫ్టు పైకి పొమ్మన్న పైకి, క్రిందికి పొమ్మన్న క్రిందికి పోయినది; పెట్టె నేల ప్లాట్‌ఫారముతో సమముగా నుండెను; ఎవరును నన్నెత్తలేదు, ఎవరును పావమనలేదు, అలవాటు తప్పి కొంత దిగులు కూడ కలిగినది. ఆ దిగులు బయటికి రాగానే తీరినది. కాలిబాటపైకి మోటారుసైకిళ్లు రాకుండ నడుమ ఇనుప స్తంభములు నాటియున్నారు. నేను వాని ముందర ఆగిపోతిని. మోటారుసైకిళ్లు నా ప్రక్కనుండి, కాలిబాట విరిగిన చోట ఎక్కి, సుఖముగా పోయినవి. హైకోర్టులో వ్యాజ్యములు నడచిన పిదప 2024లో మరల నగరమున దిగిన పల్లపు నేల బస్సును గూడ చూచితిని. అది నన్ను చూచి ఏనుగువలె ఒక ప్రక్కకు వినయముగా వంగినది. వంగిన చోట, బస్సునకును నాకును నడుమ, ఒక ఆటో నిలిచి టీ త్రాగుచున్న తన యజమానికై వేచియుండెను.

మెరీనాకు పోయితిమి. పెండ్లియైన క్రొత్తలో నన్ను రోడ్డు ప్రక్కన నిలిపి, ఇసుక దాటి ఆమె యొక్కతియే పోయి, దోసిలి తడిపికొని పరుగున వచ్చి నా నుదుట తుడిచెడిది. సముద్రము నాకు తీర్థమువలె చుక్కలుగా అందెడిది. ఇప్పుడు ఇసుకమీద అలల దాపువరకు కొయ్యబాట వేసియున్నారు. 2022 నవంబరు 27వ తేదీన దానిని ప్రారంభించిరి, పండ్రెండు దినములకే మాండూస్ తుపాను వచ్చి దాని చివరను విరిచినది, మరల బాగుచేసిరి. దశాబ్దములు ఎదురుచూచిన బాటను చూచుటకు సముద్రము పండ్రెండు దినములు కూడ ఓపిక పట్టలేదు, అంత ఆత్రము. ఆ బాట కొనవరకు నా చేతులతో నేనే చక్రములు త్రిప్పికొని పోయితిని. ఆమె ప్రక్కన నడచినది. వెనుకనుండి త్రోయుచున్నప్పుడు ఆమె ముఖము నాకు కనబడదు. ఆనాడు దారి పొడుగునను కనబడినది. కొనకు చేరిన పిదప ఆమె దోసిలి తడిపికొని వచ్చుటకు లేచి, ఎందుకో మరల కూర్చున్నది. వేరుసెనగలు కొంటిమి.

ఇక ఆ రెండు మెట్లు. ఇంటి యజమాని సజ్జనుడు. “మీకోసం ఏమైనా చేస్తాను సార్. కానీ అక్కడ వాలు పెడితే లక్ష్మి జారిపోతుందని మా నాన్నగారు చెప్పేవారు,” అనెను. కావున ఇస్త్రీ బండి యతడు, పాలవాడు, ఎదురింటి కావలివాడు, యజమాని కుమారుడు అను నలుగురును ఒక్కసారి కూడిననాడే నేను వీథి చూడగలిగితిని. శాసనసభలోవలె కోరము లేనినాడు నేను వాయిదాపడి కిటికీ కడ కూర్చుంటిని. నా సెలవులలో నాల్గు దినములు పాలవాని జ్వరముతో పోయినవి.

ఎనిమిదవ దినమున యజమాని కుమారుడు విద్యుత్తుతో నడచు స్కూటరు నొకదానిని కొని తెచ్చెను. చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరము వెలిగించి, లోపలికి తీసికొనిపోబోగా అది బరువై మెట్లెక్కలేదు. నలుగురు ఎత్తుదురేమో యని చూచితిని. క్రొత్తదానికి గీతలు పడునని ఎవరిని చేయి వేయనీయలేదు. ఆ రాత్రి అది వీథిలోనే యుండెను. తండ్రి రెండు మారులు లేచి టార్చి వేసి చూచుట నా కిటికీనుండి కనబడినది. తెల్లవారగానే మేస్త్రీ వచ్చెను. సాయంకాలమునకు రెండు మెట్లపైని సిమెంటు వాలు తయారై, దానిపై గోనెపట్టలు కప్పి నీళ్లు చల్లుచుండిరి. లక్ష్మి సంగతి యేమని యజమాని నడిగితిని. “బండే లక్ష్మి గదా సార్,” అని, నావైపు కొంచెము జాలిగా చూచి, “ఎండిన తర్వాత, బండి అక్కడ లేనప్పుడు మీరు కూడా వాడుకోండి,” అనెను.

ఆ వాలు ఇంజనీర్ల లెక్కకు లొంగునది కాదు. నాలుగడుగులలోనే అడుగెత్తు ఎక్కును. అయినను వెనుక నా భార్య యొక్కతె పట్టుకొన్న చాలును. స్కూటరు ఉదయము 8.15కు పోవును, సాయంకాలము 6.40కి వచ్చి వాలుమీదనే నిలుచును. వచ్చు సెలవులకు పనికివచ్చునని ఆమె ఈ వేళలను కాగితముపై వ్రాసి, వంటగది గోడమీద తిరుత్తణి లోకల్ బండ్ల పట్టిక ప్రక్కన అంటించినది. అడుగున, ఆదివారములు మార్పులకు లోబడి యుండునని కూడ చేర్చినది.