సంతకం పెట్టని దాడి

సినిమా తీయడానికి ఇక కొండలెక్కే పని లేదట. ఏఐ యంత్రంలో చింతపల్లి అని టైపు చేస్తే చాలు, ఘాట్ రోడ్డు, పొగమంచు, పసుపుపచ్చని వలిసె పూలు, విల్లంబులు పట్టిన వీరులు అరనిమిషంలో తెర మీద వాలిపోతారట. హైదరాబాద్ ఏసీ గదిలో కూర్చున్న నిర్మాతకు ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది? లంబసింగి చలికి వణకక్కర్లేదు, మలుపుల్లో కడుపు తిప్పించుకోనక్కర్లేదు, ప్యాకప్ చెప్పగానే 'ఈ రోజు బేటా డబ్బులు ఏవండీ' అని అడిగే మనిషే ఉండడు.

అసలు సంగతి ఆ చివరి ముక్కలో ఉంది. తర్వాత చెబుతాను.

ముందు మన వెనకబాటుతనం చూడండి. 1974 మే 1న విడుదలైన 'అల్లూరి సీతారామరాజు' కృష్ణకు నూరో సినిమా, తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. దానికోసం యూనిట్ మొత్తం ఈ చింతపల్లి అడవికొచ్చి మకాం వేసింది. షూటింగ్ నడుస్తుండగానే దర్శకుడు వి. రామచంద్రరావు చనిపోయారు. మిగిలింది కృష్ణే తీశారు, పోరాటాలు కె.ఎస్.ఆర్. దాస్ చూసుకున్నారు. శ్రీశ్రీ పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. ఒక్క ప్రాంప్టుతో తేలిపోయేదానికి ఇంతమంది మనుషులు, ఇన్ని లారీలు, ఇన్ని క్యారేజీలు! శ్రీశ్రీగారి సిగరెట్ల ఖర్చు అదనం.

ఆ సినిమాలో తప్పులు లేవని కాదు. రామరాజుకు సీతను జత చేయడం మీద చరిత్ర తెలిసినవాళ్లు ఇప్పటికీ సణుగుతూనే ఉంటారు. సణగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు, రచయిత మహారథి. యంత్రం రాసిన కథలో తప్పుంటే ఎవరి ఇంటికెళ్లి నిలదీస్తాం?

ఆ యంత్రాన్ని మన్యం వాళ్ల థింసా నాట్యం అడిగి చూడండి. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని సాగే ఆడవాళ్ల వరసలో ఏ చెయ్యి ఎవరిదో దానికి అంతుపట్టదు. వచ్చే వెర్షన్‌లో చేతుల లెక్క సరిపోతుందని యంత్ర భక్తులు హామీ ఇస్తున్నారు. సరిపోతుంది, నాకూ అనుమానం లేదు. అప్పుడైనా ఆ ఆడవాళ్లు ఏ ఊరివాళ్లు? ఎవరి పెళ్లికి ఆడుతున్నారు? చైత్రంలో ఇటుకల పండక్కి మన్యంలో ఆడితే దానికో విత్తనాల పూజ, ఓ వేట, ఓ కారణం ఉంటాయి. తెర మీద వాళ్లకు ఊరూ లేదు, పండగా లేదు, వ్యూస్ ఉన్నాయి.

ఇంతకీ ఇదంతా దేనికి? సినిమాలు చాలడం లేదని ప్రేక్షకుడు ఏ థియేటర్ ముందూ ధర్నా చేయలేదు. ఓటీటీలో ఏం చూడాలో తేల్చుకునేసరికే అన్నం చల్లారిపోతోంది. అలాంటివాడికి గంటకో యంత్రపు సినిమా అందిస్తామనడం వరదలో ఉన్నవాడికి నీళ్ల ట్యాంకరు పంపడమే. కొరత అతనికి కాదు, కూలి అడగని మనుషులు దొరక్క నిర్మాతకు. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతనం పెంచమని రెండు వారాలకు పైగా షూటింగులు ఆపేశారు. యంత్రం అలా ఆపదు. దాని 'సృజనాత్మకత' అంతా అక్కడే ఉంది.

ఈ కొండలకు కూలి ఇవ్వని ఆ సూత్రం కొత్త కాదు. బ్రిటిష్ కాలంలో నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌కు ప్రాంప్ట్ రాయడం రాదు గానీ కూలి ఎగ్గొట్టడం బాగా వచ్చు. చాకిరీ మన్యం వాళ్లది, మిగులు తనది. రోడ్డు చకచకా పడుతోందని అప్పుడూ ఎవరో మెచ్చుకునే ఉంటారు.

దాని ఫలితం 1922 ఆగస్టు 22న కనిపించింది. రామరాజు దండు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి 11 తుపాకులు, 1,390 గుళ్లు, 5 కత్తులు, 14 బాయొనెట్లు పట్టుకుపోయింది. పోతూ పోతూ ఆ లెక్కంతా స్టేషను రికార్డులో రాసి, కింద రాజు సంతకం పెట్టాడు. తిరుగుబాటుదారుకున్న ఆ పాటి పద్ధతి లక్షల కోట్ల ఏఐ కంపెనీలకు లేకపోయింది. పుస్తకాలు, పాటలు, గొంతులు, బొమ్మలు అన్నీ ఊడ్చుకుపోయారు. ఏమేం తీసుకెళ్లారయ్యా అంటే వ్యాపార రహస్యం అంటారు. 2025లో ఆంత్రోపిక్ అనే అమెరికా కంపెనీ దొంగ కాపీల సైట్ల నుంచి దించుకున్న పుస్తకాల కేసులో 150 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. (యంత్రంతో చదివించడం తప్పు కాదు, దొంగ కాపీలు పోగేయడమే తప్పు అని జడ్జిగారు అంతకుముందే సెలవిచ్చారు.) కోర్టుకెక్కితే గానీ రికార్డు తెరవలేదు.

మనదాకా రాలేదనుకోకండి. 2020 సెప్టెంబరులో మనల్ని విడిచిపోయిన బాలు గొంతు 2023 నవంబరులో 'కీడా కోలా'లో వినిపించింది. పలికించింది యంత్రం. మమ్మల్ని అడగలేదని కొడుకు చరణ్ నోటీసు పంపాల్సివచ్చింది. 'లాల్ సలామ్'లో రెహమాన్ కూడా పోయిన గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను ఇలాగే లేపారు, కానీ కుటుంబాలను అడిగి, డబ్బిచ్చి. అడగడానికి టెక్నాలజీ అడ్డు రాదన్నమాట. నాకు అదీ రుచించదనుకోండి. ట్రాకులు పాడుకుంటూ స్టూడియోల చుట్టూ తిరిగే గొంతులు ఇన్ని ఉండగా పోయినవాళ్లను పనిలోకి పిలవడమేమిటి?

చావు కూడా ఇప్పుడు ఎడిటింగ్ వ్యవహారమే. 2025 ఆగస్టు 1న 'రాంఝణా' తమిళ రూపాన్ని ఏఐ ముగింపుతో మళ్లీ విడుదల చేశారు. పోవాల్సిన హీరో కళ్లు తెరిచాడు. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, హీరో ధనుష్ మొత్తుకున్నా లాభం లేకపోయింది. ఈ లెక్కన 1924 మే 7న కొయ్యూరులో రామరాజు మాత్రం ఎందుకు చావాలి? బ్రిటిష్ మేజర్ గుడాల్ తుపాకీ పేలదు. తిరుగుబాటును అణచడానికి వచ్చిన రూథర్‌ఫర్డ్ దొర గుర్రం దిగి భుజం మీద చెయ్యేస్తాడు. ఇద్దరూ తాజంగి రిజర్వాయరు గట్టున కూర్చుని కాఫీ తాగుతారు. అదీ చింతపల్లి కాఫీయే. స్పాన్సరు దొరక్కపోడు.

ఇక బ్రహ్మాస్త్రం ఒకటుంది: 'మారుమూల పిల్లాడు కూడా సినిమా తీయగలడు.' చింతపల్లి మండలంలో మారుమూలలకు కొదవ లేదు, పరీక్షించవచ్చు. ఆ పిల్లాడు ముందు ఫోను పట్టుకుని సిగ్నల్ దొరికే గట్టెక్కాలి. వాళ్ల నాయనమ్మ పాటను ఎవరైనా రికార్డు చేసి నెట్‌లో పెట్టి ఉంటే అది యంత్రం కడుపులో పేరు లేకుండా పడి ఉంటుంది. పెట్టకపోతే యంత్రం లెక్కలో ఆ పాటే లేదు. ఎటు చూసినా నాయనమ్మకు దక్కేది సున్నా. పిల్లాడి దగ్గర కథ ఉంది. లేనివి టవరు, కెమెరా, దగ్గరుండి పని నేర్పే మనిషి.

గీతలు పడిన పాత ప్రింటు శుభ్రం చేయడానికి యంత్రాన్ని వాడుకోండి, ఎవరొద్దన్నారు? మనిషిని తీసేసి, ఆ మిగులుకు కళ అని పేరు పెట్టడం దగ్గరే నా పేచీ.

చింతపల్లి కథ తీయాలనుకునే నిర్మాతలకు ఒక మనవి. నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డు ఉంది, దాని కూలి బాకీ వందేళ్ల నాటిది. డిసెంబరులో వస్తే స్వెటర్లు తెచ్చుకోండి. థింసా ఆడేవాళ్లతో కూలి ముందే మాట్లాడుకుని, ఏ రోజుది ఆ రోజు చేతిలో పెట్టండి. టైటిల్స్‌లో 'గిరిజన నృత్య బృందం' అని సరిపెట్టకుండా వాళ్ల పేర్లు వేయండి.