మాస్కన్న

నస్పూర్‌లో మాస్కు పెట్టుకున్న మనిషి ఇప్పటికీ దొరుకుతాడు. ఆయన మాస్కు ఏ గడియలో ఎక్కడుంటుందో చెప్పడమే కష్టం. పొద్దున గదుమ కింద ఉంటుంది. పదింటికి ఒక్క చెవికి వేలాడుతుంటుంది. ఎండ ముదిరితే నెత్తి మీదికి ఎక్కుతుంది, మాపటికి మోచేతికి దిగుతుంది. ముక్కూ నోరూ ఉన్న ఇలాకాకు ఎప్పుడోగానీ రాదు. వచ్చినా ముక్కును బయటే వదిలేస్తుంది. ఇట్లాంటి మనిషి క్వార్టర్ల లైనుకు ఒకరైనా ఉన్నారు. పేరు పెట్టి రాస్తే పది మంది తమ మీదే రాశానని తగాదాకు వస్తారు కాబట్టి మాస్కన్న అందాం. కాలనీ పిల్లలు పిలిచేదీ అట్లాగే.

అందరూ పెట్టుకున్న రోజుల్లో మాస్కన్నకు మాస్కంటే మంట. 2021 ఏప్రిల్‌లో, మాస్కు లేకుండా బయట కనబడితే 1000 రూపాయల జరిమానా అని రాష్ట్ర ప్రభుత్వం జీవో తెచ్చింది. మహిళా సంఘం వాళ్లు కుట్టిన గుడ్డ మాస్కు ఒకటి జేబులో పెట్టుకొని, పోలీసు జీపు కనబడగానే పైకి లాగి, జీపు మలుపు తిరగ్గానే కిందికి గుంజేవాడు. కరోనా ఆ జీపులోనే తిరుగుతుందని, జీపు దాటాక గాలి శుభ్రపడుతుందని ఆయన లెక్క. 2022 మార్చి 31తో కేంద్రం విపత్తు నిర్వహణ చట్టం కింద పెట్టిన ఆంక్షలు ఎత్తేసింది. మాస్కు వాడండి, చేతులు కడుక్కోండి అనే సలహా ఒక్కటే మిగిలింది. ఊరంతా హమ్మయ్య అని మాస్కు తీసేసింది. సరిగ్గా అప్పుడు మాస్కన్న పెట్టుకున్నాడు.

చట్టానికి లొంగని మనిషి సలహాకు లొంగాడని మురిసిపోవద్దు. రెండేళ్లు జేబులో మోసిన ఆ గుడ్డపేలికకు ఇన్ని ఉపయోగాలున్నాయని ఆయనకు తెలిసొచ్చింది అప్పుడే.

దీనికి కాలనీ బతుకు కొంచెం తెలియాలి. సింగరేణి క్వార్టర్లలో గోడకు గోడ. ఎవరిది ఏ గ్రేడో, నెలకు ఎన్ని మస్టర్లు పడ్డాయో, ఎన్ని నాగాలో, ఎవరు పీఎఫ్ లోను ఎత్తి బిడ్డ పెళ్లి చేశారో, ఎవరు పెళ్లి పేరు చెప్పి ప్లాటు కొన్నారో, అందరికీ అన్నీ తెలుసు. కూరలో ఉప్పు ఎక్కువైతే పక్కింటాయన మంచినీళ్లు తాగుతాడు. ఊరన్నా మొహం మార్చుకుంది. పంచాయతీ పోయి 2018లో మున్సిపాలిటీ అయింది, 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసిపోయింది. మాస్కన్నకు మాత్రం పుట్టినప్పటి నుంచి అదే మొహం, ఆ మొహానికి ఊరి నిండా అప్పులు. సీసీసీ కార్నర్ నుంచి కూరగాయల మార్కెట్ దాకా నడిస్తే చిట్టీలామె ఒకచోట, చేబదులు ఇచ్చినాయన ఒకచోట, షూరిటీ సంతకం చేసి ఇరుక్కున్న దోస్తు ఒకచోట ఎదురవుతారు. మాస్కు ఉంటే వీళ్లందరి ముందు నుంచీ గుర్తు తెలియని మనిషిగా దాటిపోవచ్చని ఆయన నమ్మకం.

ఆయన నడక, ఎడమ భుజం కొంచెం వాల్చడం, టిఫిన్ డబ్బా వేలాడే స్ప్లెండర్ బండి, ఆ బండి సైలెన్సర్ దగ్గు, ఇవన్నీ కాలనీకి కంఠతా వచ్చు. ‘ఏమే మాస్కన్నా, నన్ను సూడనట్టే పోతున్నవ్’ అని చిట్టీలామె కేకేస్తే, మాస్కు వెనక నుంచి ‘నేను గాదు’ అంటాడు. ఆ గొంతుతో సహా అందరికీ తెలుసు.

దసరా ముందు సింగరేణి బొగ్గు కంపెనీ కార్మికులకు లాభాల వాటా ప్రకటించే రోజుల్లో చూడాలి ఆయన వైభవం. 2024లో 33 శాతం వాటా, మొత్తం 796 కోట్లు, సగటున కార్మికుడికి 1.90 లక్షలని సర్కారు చెప్పింది. కాంట్రాక్టు కార్మికులకు కూడా మొదటిసారి తలా 5000 ఇస్తామంది. ఆ సాయంత్రం టీవీలో వార్త అయిపోక ముందే మాస్కన్న గుడ్డ మాస్కు తీసి ఎన్-95 కట్టాడు. సన్నటి రేణువుల్లో నూటికి 95 వంతులు ఆపుతుందని దానికి ఆ పేరు. చుట్టాలను కూడా అదే లెక్కన ఆపుతుందట. మిగిలిన 5 వంతుల్లో చిన్న బామ్మర్ది ఉంటాడు, ఆయన్ను ఆపే మాస్కు ఇంకా రాలేదు.

ఆయన ఎస్‌డీఎల్ ఆపరేటర్. అంటే అండర్‌గ్రౌండ్‌లో, పేల్చి రాలగొట్టిన బొగ్గును బకెట్‌తో ఎత్తిపోసే బండి నడుపుతాడు. బకెట్ బొగ్గు కుప్పలోకి దూరి లేచిందంటే క్యాప్ ల్యాంప్ వెలుతురు ముందు మూడు బారల దూరం కనబడదు. నీళ్లు కొట్టినా దుమ్ము దుమ్మే. ఆ దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బే న్యూమోకోనియోసిస్. గని కార్మికుల వృత్తిరోగాల్లో పాతకాపు, గనుల చట్టం కింద నోటిఫై చేసిన జబ్బు. కరోనా ఊసు లేని నాడు కూడా బాయిలో, అంటే గనిలో, దుమ్ముకు మాస్కు ఉంది. మరి మాస్కన్న? పైన గదుమకు, చెవికి, మోచేతికి వేసుకున్న మాస్కును దిగేముందు విప్పి డబ్బా సంచిలో భద్రంగా పెట్టి, ఉత్త మొహంతో దిగుతాడు.

‘కింద ఎందుకు పెట్టుకోవ్ కాకా?’ అని కొత్తగా డిపెండెంట్ ఉద్యోగంలో చేరిన పిల్లగాడు అడిగాడు.

‘కింద చీకటి గదరా. ఎవలు సూస్తరు?’

న్యాయం మాట్లాడుకోవాలి. కింద ఉక్క మామూలుగా ఉండదు. పది నిమిషాలకు మాస్కు చెమటతో తడిసి ముక్కుకు అతుక్కుంటుంది, ఊపిరి బరువెక్కుతుంది. ఏసీ గదిలో కూర్చొని నోటీసు బోర్డుకు ‘మాస్కు తప్పనిసరి’ అని కాగితం అంటించడం సులువు. ఆ మాట వరకు నేను మాస్కన్న పక్షమే. కానీ షిఫ్టు దిగి, పిట్ ఆఫీసు దగ్గర స్నానం చేసి, చెట్టు కింద చల్లగాలికి నిలబడ్డాక సంచిలోంచి మాస్కు తీసి చెవులకు తగిలించుకోవడం చూస్తే మాత్రం నా దగ్గర వాదన మిగలదు.

పీఎంఈకి, అంటే ఆరోగ్య పరీక్షకు, పిలుపు వచ్చినప్పుడు ముందురోజు రాత్రి మాస్కును సర్ఫులో నానబెట్టి, ఉతికి, ఆరేసి, తెల్లారి ఇస్త్రీ కూడా చేయించాడు. డాక్టరు ముందుగా చూసేది దాన్నేనని అనుకున్నట్టున్నాడు. ఎక్స్‌రే తీసేటాయన ఛాతీ సరిగ్గా ఆనించమన్నాడు, ఊపిరి బిగబట్టమన్నాడు. మాస్కు ఊసే ఎత్తలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

ఇక తంబాకు సంగతి. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె పోనివ్వరు. గ్యాసు ఉండే చోట నిప్పురవ్వ ఎంత పని చేస్తుందో అందరికీ తెలుసు. అందుకే చాలామంది నమిలేదానికి అలవాటు పడ్డారు. ఎర్రబారిన పండ్లు, ఉబ్బిన దవడ, ఈ రెంటినీ మాస్కు చక్కగా దాచింది. ఇంట్లో వదినె ‘బందు వెట్టిన్నని ఒట్టేసినవ్ గదా’ అంటే మాస్కు వెనక నుంచి తల ఊపితే చాలు, నోరు తెరిచే పని లేదు. ఇబ్బంది ఒక్కటే. ఒకసారి బస్టాండు దగ్గర దోస్తుతో మాటల్లో పడి, మాస్కు ఉన్న సంగతి మరిచి, అలవాటు చొప్పున పక్కకు తిరిగి ఉమ్మేశాడు. ఆ తరువాత ఆయన నిలబడ్డ తీరు చూడాలి. మెడ ముందుకు చాచి, రెండు చేతులూ దూరంగా పెట్టి, కళ్లు మాత్రం గిరగిరా తిప్పుతూ, నీళ్ల కోసం వెతుకుతున్నాడు. నీలం మాస్కు మధ్యలోంచి మొదలై ఇటుకరంగు అంచులదాకా పాకింది. దోస్తు ఆయన పరిస్థితి గమనించకుండా ‘ఇంతకూ నువ్వేమంటవే?’ అని మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు.

మాట్లాడేటప్పుడు మాస్కు కిందికి లాగడం, నోరు మూసుకున్నాక పైకి ఎత్తుకోవడం ఆయన పద్ధతి. దగ్గు వస్తే తప్పనిసరిగా కిందికి లాగుతాడు. ‘కరాబైతది గదా’ అంటాడు. కరాబయ్యేది మాస్కు.

ఒకనాడు చాయ్ హోటల్ దగ్గర ఆయనకు వూ లియన్-తే కథ చెప్పాను. మలయాలో పుట్టిన డాక్టరు. 1910 చలికాలంలో మంచూరియాలో న్యూమోనిక్ ప్లేగు జనాన్ని ఊడ్చేస్తుంటే, ఇది గాలి వెంట మనిషి నుంచి మనిషికి పాకుతోందని పసిగట్టి, దూదీ గాజుగుడ్డా కలిపి మాస్కులు చేయించి కట్టుకోమన్నాడు. మెనీ అనే పేరున్న ఫ్రెంచి డాక్టరు ఆయన మాట కొట్టిపారేసి, మాస్కు లేకుండా రోగుల దగ్గరికి పోయి, కొద్ది రోజుల్లోనే అదే ప్లేగుతో చనిపోయాడు. మాస్కన్న చాయ్ చప్పరిస్తూ శ్రద్ధగా విన్నాడు.

‘ఆ ఫ్రెంచాయన ఎందుకు ఇనలేదట?’

‘వయసులో చిన్నోడు చెబితే నేను వినాల్నా అనుకున్నడట.’

‘తప్పే. పెద్దోడు చిన్నోడు అని తేడా సూడొద్దు’ అన్నాడు మాస్కన్న గంభీరంగా. ‘మేమైతే ఎవలు చెప్పినా ఇనం.’

నస్పూర్‌లో మాస్కుకు అసలు పని రోడ్డు మీద ఉంది. బొగ్గు లారీలు ఊగుతూ పోతుంటే టార్పాలిన్ కింద నుంచి నల్లటి పొడి లేస్తుంది. ఓపెన్‌కాస్టు వైపు నుంచి గాలి మళ్లిందంటే దండెం మీద ఆరేసిన తెల్ల బనీను పొద్దూకేసరికి బూడిదరంగుకు తిరుగుతుంది. అరుగు రెండు పూటలా తుడవాలి. ఈ ఊరి ఆడపిల్లలు కరోనాకు ముందే స్కూటీ ఎక్కితే కళ్లు తప్ప అంతా చున్నీతో చుట్టేవాళ్లు. ఎండకూ అదే, దుమ్ముకూ అదే. ఎవరూ జీవో తేలేదు, ఎవరూ జరిమానా వేయలేదు. రోడ్డెక్కినప్పుడు మాస్కన్న కూడా మాస్కు వాడతాడు. కాకపోతే మొహానికి కాదు, నంబరు ప్లేటుకు. హైదరాబాద్‌లో చలాన్లు తప్పించుకోవడానికి కుర్రాళ్లు ఇట్లా చేసి కేసుల పాలయ్యారని పేపర్లలో వచ్చింది. ఆయన ఆ వార్త మొదటి సగమే చదివాడు. హెల్మెట్ లేకుండా, వెనక నంబరు ప్లేటుకు మాస్కు కట్టి, లారీ వెనక దుమ్ములో నోరు తెరుచుకొని పోతుంటాడు. ఆయన ఊపిరితిత్తుల కంటే ఆయన బండి నంబరు చాలా శుభ్రంగా ఉంది.

వదినె విసిగిపోయింది. తలుపు వెనక మేకుకు కంపెనీ క్యాలెండర్, దాని మీద మాస్కులు. సాగిపోయిన ఎలాస్టిక్‌కు ముడి వేసినవి, ముడి మీద ముడి వేసినవి. పారేస్తే ఊరుకోడు. ‘పెండ్లిల మొగోని మొహం సూడలేదని మా అమ్మ ఏడ్సేది. ఇప్పుడు ఇరవయ్యేండ్లు కాపురం జేసి నేను ఏడ్వవట్టిన’ అంటుంది.

మొన్న నెల మొదట్లో ఒక సంగతి జరిగింది. చాయ్ ఒలికి మాస్కు తడిసింది. తీసి హ్యాండిల్‌కు ఆరేసి, ఉత్త మొహంతో బల్ల మీద కూర్చున్నాడు మాస్కన్న. అంతలో ఫైనాన్స్ పిల్లగాడు బండి ఆపాడు. చేరి ఏడాది కాలేదు. మాస్కన్నను మాస్కుతో తప్ప ఎన్నడూ చూసినవాడు కాదు. చేతిలో కిస్తీల బుక్కు.

‘పెద్దనాయినా, గీ లైన్ల మాస్కన్న అని ఉంటడు. నాలుగు కిస్తీలు బాకీ. ఎటు వోయిండో ఎరుకేనా?’

చుట్టూ ఉన్నవాళ్లం గ్లాసుల్లోకి చూశాం. మాస్కన్న నోట్లో చాయ్ మింగి, పిల్లగాణ్ని కింది నుంచి పైదాకా చూశాడు.

‘ఇప్పుడే గదా శ్రీరాంపూర్ దిక్కు వోయిండు. జల్ది పో, దొరుకుతడు’ అన్నాడు. బండి కదిలాక మళ్లీ కేకేశాడు. ‘గట్టిగ అడుగు బిడ్డా, వాడు మంచోడు గాదు!’

అప్పటి నుంచి కిస్తీల తారీఖు వచ్చిందంటే మాస్కన్న మాస్కు తీసేసి తిరుగుతున్నాడు.